పిట్టకు పెట్టిన నాడు బంతిబుట్ట గోల

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఉన్న కోపం కన్నా ఒక ప్లాస్టిక్ బొమ్మ మీద ఉన్న కోపమే ఎక్కువ. (నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. ఆ బొమ్మ దానిదే.) మోకాలెత్తు కర్ర, దాని పైన ఎర్ర వల, ఒక బంతి. బంతి వలలో పడిందంటే ముందు ఈల వేస్తుంది, తర్వాత ఊరంతా చప్పట్లు కొట్టినట్టు గోల చేస్తుంది, చివర ఎవరో దొరసాని ఇంగ్లీషులో ఏదో మెచ్చుకుంటుంది. ఆటో నడిపే నా పెనిమిటి దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద కొని తెచ్చాడు. పిల్లకు అప్పటికి నడకే సరిగా రాలేదు. "ఇప్పటిసంది ఎయ్యనీ, రేపు పెద్ద ఆటగత్తె అయితది" అన్నాడు. రెండు నెలలకే కామెర్లతో పోయాడు. బొమ్మ మాత్రం అరుస్తూనే ఉంది.

మన్సూరాబాద్‌లో మాది డాబా పక్కన ఒక్క గది. కింద ఇంటి యజమానురాలు, గుంటూరు వైపు ఆవిడ. నేను ఆంటీ అనేదాన్ని. రోజూ కింది నుంచే "ఏంటమ్మా ఆ చప్పట్లు, పైన సభేమైనా పెట్టారా?" అని అడిగేవారు. ఒకనాడు విసిగిపోయి బ్యాటరీలు తీసేస్తే, సాయంత్రానికి ఆవిడే మెట్లెక్కి వచ్చి "పాపకి ఒంట్లో బాలేదా? చప్పుడే లేదు" అని కంగారు పడ్డారు. మర్నాడు కొత్త బ్యాటరీలు ఆవిడే తెచ్చారు. పగలు పిల్లను ఆవిడ దగ్గర వదిలి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దుకాణంలో చీరలకు ఫాల్ కుట్టుకుంటూ ఏడాది నెట్టుకొచ్చాను.

ఏడాది తిరగ్గానే పిట్టకు పెట్టడానికి నల్గొండ దగ్గరి ఊరి నుంచి అత్త, ఆయన అన్న అయిన మా బావ వచ్చారు. మా వైపు పోయినవాళ్ల పేరున ఆకులో అన్నం, వాళ్లకు ఇష్టమైన కూర పెట్టి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. అంతవరకు ఎవరూ తినకూడదు. ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇవ్వాలి. ఎవరి మాటకు కాకి వాలితే ఆయన ఇష్టం అదే. దాని మీద అప్పీలు లేదు. నా వణుకంతా అందుకే. ఎందుకంటే బావ చెప్పులు విడవకముందే తీర్పు చెప్పేశాడు. "ఇగ ఈడ ఒంటిగ ఎందుకు పిల్లా? సామాన్ సదురు. ఊర్లె అత్తున్నది, బర్లున్నయ్."

బర్లు మంచివే. కానీ చేతిలో పని ఉన్న మనిషిని నేను, అదీ ఏడాది నుంచే. ఊరికి పోతే మళ్లీ ఒకరి ఇంట్లో మూల. ఆ మాట బావ మొహం మీద చెప్పే నోరు నాకు లేదు.

మధ్యాహ్నం డాబా మీద ఆకు వేసి మేక తలకాయ కూర వడ్డించాం. పిల్లను గదిలో ఒంటరిగా వదల్లేక బొమ్మతో సహా బయటికి తెచ్చాను. బావ "కా... కా..." అని పిలిచాడు. ఒక్కటీ రాలేదు.

"నువ్వు పిలువు పిల్లా. నీ గొంతు ఇంటె సుట్టమనుకోని ఒస్తయ్."

(నాది పుట్టు బొంగురు గొంతు.) పిలిచాను. నిజంగానే ఒక కాకి వచ్చి పిట్టగోడ మీద వాలింది. అత్త చేతులు జోడించింది. "కొడుకా, నీ పెండ్లాన్ని, పిల్లను ఊరికి తోలుకపోత. మంచిగ సూసుకుంట. ముట్టు నాయనా." కాకి ఆకు వైపు ఒక్క గంతు వేసింది. అప్పుడే నా బిడ్డ బంతి వేసింది. ఈల, చప్పట్లు, దొరసాని. కాకి ఎగిరిపోయి నీళ్ల ట్యాంకు మీద కూర్చుంది.

"గా బొమ్మను జర బంద్ చెయ్యరాదే!" అన్నాడు బావ.

"బటన్ పాడైంది బావా." (బటన్ బాగానే ఉండేది. రాసే పిల్ల కలం ఆపి నన్నే చూస్తోంది.)

ఈసారి బావ మాట ఇచ్చాడు. "తమ్మీ, నీ బిడ్డను నా బిడ్డలల్ల కలుపుకుంట." కాకి దిగింది. మళ్లీ ఈల, మళ్లీ చప్పట్లు. మెట్ల మీద నిలబడి చూస్తున్న ఆంటీ ఉండబట్టలేక "ఆయనకి ఊరెళ్లడం ఇష్టం లేదేమోనండీ" అన్నారు.

"మా పిట్టల సంగతి మీకేమెరుక తియ్యమ్మా" అన్నాడు బావ. కానీ అతని గొంతులోనూ అనుమానం దూరింది. ఆకలి అంతకంటే ముందే దూరింది.

నా వంతు వచ్చింది. పిల్లను ఎత్తుకుంటున్నట్టు వంగి, బంతిని కొంగులో చుట్టి చంకన ఇరికించుకున్నాను. "ఇగో, ఇంటున్నవా? నేను ఈడనే ఉంట. కుట్టుకుంట పిల్లను సదివిస్త. నీకు ఇష్టమైతె ముట్టు, లేకుంటె..." అన్నాను. లేకుంటే ఏమిటో ముందే అనుకుని పెట్టుకున్నాను. నోటికి రాలేదు. ఏడాదిగా ఆయనతో మాట్లాడింది అదే మొదటిసారి. కాకి దిగింది. అటూ ఇటూ చూసింది. ముక్క ముక్కున కరుచుకుని పోయింది. బావ కండువా కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు.

తినడానికి కూర్చునేసరికి బంతి నా కొంగులోంచి జారి అత్త విస్తరి దాకా దొర్లింది. బావ అవతల చెయ్యి కడుక్కుంటున్నాడు. అత్త బంతిని చూసింది, నన్ను చూసింది. మెల్లగా దాన్ని తన కుచ్చిళ్ల కిందికి లాక్కుంది.

"వాడే ఉండుమన్నడు బిడ్డా. ఇగ తిను."

పోయినవాణ్ణి మోసం చేశానని ఆ తర్వాత ఎన్నో నెలలు భయపడ్డాను. ఇప్పుడు అప్పటి నన్ను, ఆ ఇరవై మూడేళ్ల పిల్లను తలుచుకుంటే భయం కాదు, నవ్వొస్తుంది. మొగుణ్ణి, కాకిని, బావను ఒక్క పూటలో బోల్తా కొట్టించింది. ఆ పాపానికి తలదించుకుని వెక్కి వెక్కి ఏడుస్తూనే, ఇంకొంచెం అన్నం పెట్టమని విస్తరి ముందుకు జరిపింది.