ముందే తీర్చబోయిన మొక్కు

మొక్కు అనేది పని జరిగాక తీర్చుకునేది. నాకు అంత ఓపిక ఎక్కడిది? మా అమ్మాయి మెడ దగ్గర గడ్డ లేచింది. ముక్క తీసి పరీక్షకు పంపారు, గురువారానికి రిపోర్టు వస్తుందన్నారు. అదే గురువారం అమ్మాయిని వెంటబెట్టుకుని కూకట్‌పల్లి నుంచి మెదక్ చర్చికి బయలుదేరాను. రిపోర్టు కంటే ముందే ఇవ్వాల్సింది ఇచ్చేస్తే దేవుడు మాత్రం కాదనగలడా అని నా ధైర్యం.

మాది గోదావరి వైపు. తెలిసిన కొండలన్నిటికీ అప్పటికే మొక్కేశాను. మా ఇంట్లో పనిచేసే ఆవిడది మెదక్. "పరేషాన్ కాకమ్మా, మా చర్చిల మొక్కుకో. ఆడికి అందరు పోతరు" అంది. వెంటనే కళ్లు మూసుకుని తలనీలాలు ఇస్తానని మొక్కేశాను. నావి కాదు, అమ్మాయివి. దాన్ని ఒక్క మాట అడగలేదు.

ఆ పొద్దున భయపడుతూనే చెప్పాను. కోకాపేటలో ఉద్యోగం చేసే పిల్ల, చిన్నప్పటి నుంచీ నాతో ప్రతిదానికీ వాదనే. అలాంటిది "సరేలే అమ్మా, ఇచ్చేద్దాం" అని తనే కారు తీసింది. దేవుడు అప్పుడే దయతలిచాడని సంబరపడ్డాను, పిచ్చిదాన్ని. నర్సాపూర్ అడవి దాటేదాకా "ఫోన్ చూడవే, వచ్చిందేమో" అని దాని ప్రాణం తీశాను. "బండి నడుపుతున్నాగా" అంది.

చర్చి లోపల రంగు అద్దాల్లోంచి ఎండ పడుతోంది. చూసే మనసు లేదు. అక్కడ పనులు చూసుకునే ముసలాయన కనిపిస్తే, తలనీలాలు ఎక్కడ ఇవ్వాలండీ అని అడిగాను.

"ఈడ అసొంటివి తీస్కోరమ్మా. దండం పెట్టుకో, సాలు."

ఏమీ తీసుకోని దేవుణ్ణి ఏ ధైర్యంతో అడగను? నా మొహం చూసి ఆయన బెంచీ మీద కూర్చోబెట్టాడు. "కరువుల కట్టిన్రు దీన్ని. మా తాత రాళ్లు మోసిండు. పనికొచ్చినోళ్లకు అన్నం పెట్టిన్రు. గట్లనే మా ఇంటోళ్లు బతికిన్రు" అన్నాడు.

"చూశారా, పని చేయించుకునే కదండీ పెట్టారు! నా దగ్గరా ఏదో ఒకటి తీసుకోమనండి" అన్నాను. గొంతు పెద్దదైపోయింది. ఆయన పక్కకు వెళ్లిపోయాడు.

కళ్లు మూసుకున్నాను. వెంటనే తెరిచేశాను. "ఇప్పుడైనా ఫోన్ చూడవే" అన్నాను.

అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "నిన్న సాయంత్రమే వచ్చిందమ్మా. డాక్టరు గారిని కూడా కలిశాను. నువ్వు దండం పెట్టుకున్నాక చెబుదామని ఆగాను."

మంచి కబురైతే అంతసేపు కడుపులో దాచుకునే పిల్ల కాదు.

"నయమవుతుందనే అన్నారు. సోమవారం మందు మొదలుపెడతారు. జుట్టు ఎలాగూ ఊడిపోతుందట, అందుకే నువ్వు అడగ్గానే సరేనన్నా" అంది.

నేను బావురుమన్నాను. "ఊరుకో అమ్మా, నేనున్నాగా" అంటూ వీపు నిమిరింది. ఆ మాట నేను కదా దానికి చెప్పాల్సింది.