సాయంత్రం కాగానే ఆగిపోయే సర్వర్

2010వ సంవత్సరం. సూర్యాపేటలో నాది చిన్న కంప్యూటర్ షాపు. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే యాదగిరి సేటు, కోదాడలో ఉండే ఆయన బావమరిది శ్రీనివాసు కలిసి ఒకరోజు నన్ను పిలిపించారు. ధాన్యం ధరెంతో, మిల్లు ముందు ఎన్ని ట్రాక్టర్లు ఆగి ఉన్నాయో రైతులు ఇంట్లోనే చూసుకునేలా వెబ్‌సైట్ కావాలన్నారు. సర్వర్ మాత్రం మిల్లు ఆఫీసులో, కళ్ల ముందే ఉండాలట. వెబ్ సర్వర్ అంటే ఎవరు ఎప్పుడు అడిగినా పేజీ పంపడానికి రాత్రింబవళ్లు మేలుకుని ఉండే కంప్యూటర్. దాన్ని విండోస్‌తోనైనా, లైనక్స్‌తోనైనా నడపవచ్చు.

గొడవ అక్కడే మొదలైంది.

“లైనక్స్ పెట్టిద్దాం బావా. దానికి వైరస్ రాదంట,” అన్నాడు శ్రీనివాసు.

నా లాప్‌టాప్‌లో లైనక్స్ నల్లతెర చూడగానే సేటు మొహం చిట్లించారు. “గిదేంది, కరెంటు పోయినట్టుంది! మౌస్ కదిపితే బాణం కదలాలె. విండోసే పెట్టు.”

అంత చిన్న సైట్‌కు ఏదైనా సరిపోతుంది. సేటు మాటే నెగ్గింది.

వారం తిరక్కుండానే సేటు నుంచి ఫోన్. “ఏం సర్వర్ పెట్టినవయ్యా? పొద్దుగాల సైటు తెరుసుకోలేదంట. మిల్లు ఖతమైందని పెద్దవూర దిక్కు రైతులు ట్రాక్టర్లు పక్క మిల్లుకు మలుపుకున్నరు!”

కోతల కాలం. వెంటనే బయల్దేరాను. పగలంతా వెతికినా ఏ లోపమూ దొరకలేదు. సాయంత్రం టీ తాగుతుంటే సేటు లేచి, చెప్పులు వేసుకుని, మౌస్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కారు. సర్వర్ రకం విండోస్ ఊరికే ఆగదు, ఎందుకు ఆపుతున్నారని అడుగుతుంది. సేటు ఒక్క వేలితో ‘హోమ్ గోయింగ్’ అని ఇంగ్లిషులో కొట్టి, నావైపు తిరిగారు.

“మా ఇంట్లామె గూడ గిన్ని ప్రశ్నలడగది.”

“అయ్యో సేటూ, దీన్ని ఆపొద్దు!”

“మనిషి లేని గదిల ఫ్యాను తిరగనిస్తమా?”

ఇది ఫ్యాను కాదు, వాచ్‌మన్ లాంటిది, మీరు పోయాకే దానికి అసలు పని అని చెప్పాను. తల ఊపారు. మర్నాడు సాయంత్రం అలవాటు కొద్దీ ఆయన చెయ్యి మళ్లీ తన పని తాను చేసేసింది. పెద్దవూర నుంచి మళ్లీ ఫోన్లు.

ఇక లైనక్స్ ఎక్కించాను. మానిటర్, కీబోర్డు, మౌస్ పీకేసి డబ్బాను అటక మీద పెట్టాను. ఏ అవసరం వచ్చినా సూర్యాపేట నుంచే ఆదేశాలు టైప్ చేసి సరిచేయవచ్చు. విండోస్‌నూ దూరం నుంచి నడపవచ్చు గానీ, అప్పటి మా ఇంటర్నెట్ అక్షరాలను మోసినంత తేలిగ్గా బొమ్మలను మోయలేకపోయేది. సేటు బల్ల మీద విడిగా ఒక మామూలు విండోస్ కంప్యూటర్ పెట్టాను. ఆయన దాన్ని సాయంత్రం కాగానే తృప్తిగా ఆపేసి వెళ్లేవారు.

సైట్ మళ్లీ ఆగలేదు. ట్రాక్టర్లు తిరిగొచ్చాయి.

“చెప్పానుగా బావా, లైనక్స్ అంటే లైనక్సే!” అని శ్రీనివాసు మీసం దువ్వాడు. సేటు పక్క మిల్లాయనకు ఫోన్‌లో సలహా ఇస్తున్నారు: “లైనక్సే పెట్టియ్యి. దానికి టీవీ ఉండది, గందుకే గట్టిగ పనిచేస్తది.”

ఆ తర్వాత విండోసా, లైనక్సా అని ఎవరు అడిగినా, ఆఫీసుకు చివరగా తాళం వేసేదెవరో ముందు కనుక్కునేవాణ్ణి.