అత్తాకోడళ్ల స్పెషల్‌లో మేం ఓడిన వైనం

టీవీ గేమ్ షోల విషయంలో మా అత్తగారి మాటకు తిరుగులేదు. నాంపల్లిలో మా సందులో ఎవరికి ఏ అనుమానమొచ్చినా మా గుమ్మం ముందుకే వచ్చేవాళ్లు. ఏ షోకి యాంకర్ మారింది, ఏ ఛానెల్ వాళ్లు పట్టుచీర అని చెప్పి జారిపోయే నైలాన్ చీర చేతిలో పెడుతున్నారు, వచ్చే వారం ఎవరొస్తున్నారు, అన్నీ ఆవిడకు తెలుసు. ఎలా తెలుసో నాకు మాత్రం తెలియదు. వార్త చెప్పి ఊరుకుంటే బాగుండేది, దాని వెనకాలే తీర్పు కూడా ఉండేది.

"గా పిల్ల యాంకరింగ్ ఏంది? ప్రశ్న అడిగి జవాబు గూడ తనే చెప్తది. గట్లయితే ఆడోళ్లని పిలుసుడెందుకు?" అనేవారు.

నాకూ అభిప్రాయాలున్నాయి. గన్‌ఫౌండ్రీలో ఒక బడిలో సాంఘికశాస్త్రం చెప్తాను, అందుకని నాకు క్విజ్ షోలు ఇష్టం. సరిగ్గా జవాబు చెప్పబోయే ముందు ప్రకటనలు వేసేవాళ్లంటే ఒళ్లు మంట. అవన్నీ అయ్యాక మళ్లీ ప్రశ్న దగ్గర్నుంచి మొదలుపెడతారే, అప్పుడు రిమోట్ విసిరికొట్టాలనిపిస్తుంది.

యాభై ఆరులో మా తాతగారు కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అత్తగారి వాళ్లది తరతరాలుగా ఇక్కడే బట్టల వ్యాపారం చేసిన ఇల్లు. పప్పులో పులుపు దగ్గర్నుంచి ప్రతిదానికీ మా ఇద్దరికీ పేచీయే. సాయంత్రం ఒక్క గంట, టీవీ ముందు మాత్రం ఇద్దరం ఒక పార్టీ. ఆ గంటలో తిట్టడానికి వేరేవాళ్లు దొరికేవారు మరి.

ఆవిడ ఎక్కువగా తిట్టేది అత్తాకోడళ్ల స్పెషల్‌కి వచ్చేవాళ్లని. ఇద్దరినీ వీపులు ఆనించి కూర్చోబెట్టి, ఒకే ప్రశ్న అడిగి, ఎవరి పలక మీద వాళ్లను జవాబు రాయమంటారు. రెండూ కలిస్తే మార్కు. కలవకపోతే మా అత్తగారు సోఫాలోంచి లేచేవారు. "ఒక్కింట్ల ఉండుకుంట కోడలి సంగతి తెల్వకుంటే ఇగ గామె అత్త ఎట్లయితది? నేనైతే సిగ్గుతోని సస్త!" కిటికీ తీసే ఉండేది కాబట్టి ఈ తీర్పు సందంతా వినేది.

కిందటేడు ఆ షోకి మమ్మల్నే పిలిచారు. ఎవరు పిలుస్తారులే అని దరఖాస్తు పంపింది నేనే. ఫోనొచ్చిన రోజు అత్తగారు ముందు కుర్చీలో కూలబడ్డారు, ఆ తర్వాత లేచి ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చారు. చెప్పొచ్చాక పట్టుకుంది భయం.

"ఓడిపోతే గీ సందుల మొఖమెట్ల సూపియ్యాలె బిడ్డా? పదిహేనేండ్ల సంది అందర్ని అంటనే ఉన్న" అన్నారు. ఆ గొంతులో నిజంగానే దిగులుంది. ఎలాగైనా గెలవాలని నేనూ పంతం పట్టాను.

ఆవిడ దగ్గర ఒక సిద్ధాంతముంది. ఆ షోవాళ్లు పన్నెండు ప్రశ్నలే తిప్పి తిప్పి అడుగుతారట. ఎవరి నిజం వాళ్లు రాస్తే అవి చచ్చినా కలవవు, కాబట్టి జవాబులు ముందే ఖాయం చేసుకోవాలట. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ పది రోజులు బట్టీ పట్టాం. అత్తకు ఇష్టమైన కూర ఏది? బగారా బైంగన్ అంటే ఆవిడకు ప్రాణం, కానీ 'పప్పు' అని ఖాయం చేశారు, రాయడానికి తేలికని. గొడవైతే ముందు మాట కలిపేది ఎవరు? నిజానికి ఎవరమూ కలపం, మా ఆయనే ఇద్దరి మధ్యా మాటలు మోస్తారు. దానికి 'కోడలు' అని రాయాలన్నారు.

"ఇదెక్కడి న్యాయం అత్తయ్యా?" అన్నాను.

"నేను ముందుగాల మాట్లాడ్తనంటే ఎవలన్న నమ్ముతరా?" అన్నారు. అదీ నిజమే.

షూటింగ్ రోజు ఒకే రంగు చీరలు కట్టుకుని వెళ్లాం. మొదటి ఆట ప్లాస్టిక్ గ్లాసులు గోపురంలా పేర్చడం. తొందరపడేవాళ్లను ఇన్నేళ్లూ తిట్టిన మనిషి, గంట మోగగానే తొందరపడి అన్నీ కూల్చేశారు. నాకు నవ్వాగలేదు. ఆవిడ నన్ను చూసిన చూపు కెమెరాలో పడే ఉంటుంది.

పలకల ఆట మాత్రం సిద్ధాంతం ప్రకారమే నడిచింది. పప్పు కలిసింది. కోడలు కలిసింది. నాలుగు ప్రశ్నలకు నాలుగు మార్కులు. గ్లాసుల దగ్గర పోయిందంతా వచ్చేసి అవతలి జంటతో సమానమయ్యాం. ఇక మిగిలింది ఒక్క ప్రశ్న.

"మీ కోడలు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా చేసే పని ఏంటి?" అని అడిగింది యాంకర్.

అది మా పన్నెండులో లేదు.

నాకు అలాంటి పని ఒకటుంది. శనివారం ఒంటిపూట బడి. ఇంట్లో స్పెషల్ క్లాసని చెప్పి, అబిడ్స్‌లో ఒక ఇరానీ హోటల్లో రోడ్డువైపు కిటికీ అద్దం పక్కన అరగంట ఒక్కదాన్నే కూర్చుంటాను. ఒక చాయ్ తాగుతాను. ఫోను చూడను, దిద్దాల్సిన పేపర్లు తియ్యను. ఆ అరగంట నన్నెవరూ ఏదీ అడగరు, అంతే. ఇంత చిన్నదానికి అబద్ధమాడుతున్నానని సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు.

నా వీపు వెనకాల సుద్దముక్క గబగబా కదిలి ఆగిపోయింది. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎదురింటి కూరలో ఉప్పెక్కువైతే వాసన చూసి చెప్పే మనిషి, ఇది మాత్రం పసిగట్టకుండా ఉంటారా అనిపించింది. ఏమైతే అదైందని నిజమే రాసి పలక తిప్పాను.

ఆవిడ పలక మీద 'ఏం దాయదు' అని ఉంది. ఓడిపోయాం.

ఓడిపోయినవాళ్లకిచ్చే హాట్‌బాక్సు ఒళ్లో పెట్టుకుని, ఆటోలో నాంపల్లి దాకా ఆవిడ దాని మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నారు. ఊళ్లో అందరి గుట్టూ తెలిసిన మనిషికి నా సంగతే పట్టలేదని కోపమొచ్చింది నాకు. బాధ కూడా వేసింది.

ఎపిసోడ్ ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. సందులో ఆడవాళ్లంతా మా హాల్లోనే కూర్చున్నారు. టీవీలో నా పలకను దగ్గరగా చూపిస్తూ మూడుసార్లు డప్పు మోత వినిపించారు. మా ఆయన ఫోనులోంచి తలెత్తి, "స్పెషల్ క్లాసులో సిలబస్ చాయేనా?" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. ఎదురింటావిడ ఈ రోజు కోసమే కాచుక్కూర్చున్నట్టుంది.

"ఏందక్కా, కోడలి సంగతి నీకే తెల్వకపాయెనా?" అంది.

"ఔ, తెల్వలే" అన్నారు అత్తగారు. అని, మురుకుల పళ్లెం ఆవిడ ముందుకు జరిపారు. టీవీ ముందు ఆ మాట అత్తగారి నోట వినడం నాకదే మొదలు. నా కోపమంతా దిగిపోయింది.

అందరూ వెళ్లాక వంటింట్లోకి పోయి, "మీ చెవిన ముందే వేసి ఉంటే గెలిచేవాళ్లం అత్తయ్యా" అన్నాను.

"నాకెర్కనే" అన్నారు పళ్లేలు సింకులో పెడుతూ. "రెండేండ్లాయె. ఉస్మాన్‌గంజ్‌ల ఎండుమిరపకాయలు కొనుక్కొని బస్సుల వస్తున్న. అబిడ్స్‌ల ఆగితే అద్దంలకెల్లి కనవడ్డవు. దిగి తలుపు దాంక వచ్చిన."

"మరి పలక మీద అట్లా ఎందుకు రాశారు?"

"నీ మొగడు సూస్తడు, నీ ఆడబిడ్డ సూస్తది, ఊరంత సూస్తది. ఉన్నదే అరగంట, గది గూడ టీవీల పెట్టాల్నా? నేను దాస్తే నువ్వే రాసి సూపిస్తివి, పిచ్చిదాన."

నాకు ఏడుపొచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, "తలుపు దాకా వచ్చి లోపలికి ఎందుకు రాలేదత్తయ్యా?" అన్నాను.

"నన్ను సూస్తే లేచి నిలవడ్తవు గదా" అన్నారు. "నీ చాయ్ సల్లారిపోతది."