సిపాయి వేషం

సూర్ నుంచి మస్కట్ పోయే బస్సుల నా పక్కన ఒక ఇంగ్లండు పోరడు కూసున్నడు. అడగకముందే యాక్టర్‌నని చెప్పుకున్నడు. మూడేండ్లు నాటకాల బడిల చదివిండట. స్టేజీ మీద పళ్లెం పట్టుకొని నిలబడే వేషాలేసిండట. సూర్‌ల తీస్తున్నది ఆయనకు మొదటి సినిమా.

"అండ్ల నువ్వేం వేషం?" అని నాకొచ్చిన ఇంగ్లీషుల అడిగిన.

"సిపాయి వేషం. ఒక్క మాట ఉండె. పొద్దున అది గూడ తీసేసిండ్రు."

మొఖం మీదనే నవ్విన. మేము ఎండల గోడలు కట్టే దేశానికి వీడు ఒక్క మాట చెప్పిపోదామని విమానమెక్కి వచ్చిండు. థూ, ఇదీ ఒక పనేనా అనుకున్న.

ఇంతల వాళ్ల అమ్మ ఫోన్ చేసింది. "షూటింగ్ మస్తుగయింది మమ్మీ, అందరు మెచ్చుకున్నరు" అన్నడు నవ్వుకుంట. కండ్లల్లకెళ్లి నీళ్లు కారుతనే ఉన్నయి. గొంతు మాత్రం కొంచెం గూడ వణకలేదు.

జరసేపటికి మా ఇంటామె నాకు ఫోన్ చేసింది. సైట్‌ల పడి నా చెయ్యి విరిగిన సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.

"డ్యూటీ మంచిగనే నడుస్తున్నది" అన్న.

"గొంతు గట్లున్నదేంది? ఏమైంది నీకు?" అన్నది.