గాలి మూతికి కట్టిన గుడ్డ

2022 డిసెంబరు. బందరులో చల్లపల్లి రోడ్డు పక్కన నా మెకానిక్ షెడ్డు. కోతల రోజులు. రోడ్డుకి ఒక వైపంతా ధాన్యం ఆరబోసి ఉంది. లారీ వెళ్ళినప్పుడల్లా పొట్టూ దుమ్మూ లేచి షెడ్డులోకి వచ్చేవి.

ఆ షెడ్డు గోడ గురించి ముందే చెప్పాలి. నలభై నాలుగో ఏట దాకా నాకు చదువు రాదు. స్పేర్ పార్టుల్ని డబ్బా రంగు చూసి పోల్చుకునేవాణ్ణి. మున్సిపల్ బడిలో సాయంత్రం పూట పెద్దవాళ్ళకి చదువు చెప్తుంటే వెళ్ళి నేర్చుకున్నాను. స్పానరు తిప్పిన వేళ్ళు కదా, బలపం పట్టుకుంటే విరిగిపోయేది. అక్షరాలు వచ్చాక నలుగురూ చదవాలని నేను రాసిన మొదటి వాక్యం ఆ గోడ మీదే ఉంది. ఎర్ర పెయింటుతో, జానెడేసి అక్షరాలు: "కోతల రోజుల్లో గాలి మూతికి పల్చటి గుడ్డ కట్టండి." పాత ట్రాక్టర్లకి గాలి పీల్చే గొట్టం బానెట్ పైన నిలబడి ఉంటుంది. దాని మూతికి గుడ్డ కట్టి, మడి మారినప్పుడల్లా విప్పి దులిపితే పొట్టు లోపలికి పోదు. మా వైపు రైతులు చాలామంది అలాగే చేసేవారు. షెడ్డుకి ఎవరొచ్చినా ఆ గోడ చూపించి మురిసిపోయేవాణ్ణి.

ఒక గురువారం మధ్యాహ్నం టర్బో ఉన్న డీజిల్ కారు ఒకటి మూలుగుతూ వచ్చి ఆగింది. నడుపుకొచ్చింది నాగమణి అనే ఆవిడ. అవనిగడ్డ అవతల పల్లెటూరు, నలభై ఏళ్ళుంటాయి. పక్క సీట్లో ఆమె భర్త శేషుబాబు, మోచేతి దగ్గర సూది గుచ్చిన చోట అప్పుడే వేసిన ప్లాస్టరుతో. ఆయనకి కిడ్నీలు పనిచెయ్యవు. వారానికి మూడుసార్లు బందరు ఆసుపత్రిలో డయాలసిస్. ఒంట్లో రక్తాన్ని మిషన్ గుండా తిప్పి శుభ్రం చేసి మళ్ళీ ఎక్కిస్తారు.

"ఏమైందమ్మా?" అన్నాను.

"లాగట్లేదండి మేస్త్రీ గారూ. పులిగడ్డ వంతెన ఎక్కేసరికి రెండో గేరుకి వచ్చేస్తుంది. వెనకాల నల్లటి పొగ."

"నిన్నగాక మొన్న సైకిల్ మీద పాలాయన బెల్లు కొట్టి మరీ మమ్మల్ని దాటిపోయాడండి," అన్నాడు శేషుబాబు.

"మీకన్నీ నవ్వులాటే." నాగమణి ఆయన వైపు చూడకుండా నాతోనే చెప్పింది. "పోయిన నెల్లో ఆ వంతెన మీదే ఆగిపోయిందండి. ఆ పూట డయాలసిస్ తప్పింది. మర్నాటికి ఈయనకి ఒంట్లో నీరు చేరి ఊపిరాడలేదు. బస్సులో వచ్చే ఓపిక లేదు ఈయనకి. ఇంకోసారి ఆగిందంటే ఏమవుతుందో నాకు తెలుసండి. ఇద్దరికి చూపించాను. ఒకాయన టర్బో కూడా మార్చాడు. ఏం తేడా లేదు."

టర్బో అంటే ఇంజన్ వదిలే పొగ వేగంతోనే తిరిగే చిన్న పంకా. అది బయటి గాలిని నొక్కిపెట్టి ఇంజన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే డీజిల్ బాగా మండుతుంది, చిన్న ఇంజన్ పెద్ద ఇంజన్ పని చేస్తుంది. లాగుడు తగ్గిందంటే చాలామంది ముందు దాన్నే అనుమానిస్తారు. నేను ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూశాను. కోతల రోజుల్లో ఏ బండి ఫిల్టర్ విప్పినా దోసిలి పొట్టు రాలుతుంది. ఈమెది అప్పుడే కొట్లోంచి తెచ్చినట్టుంది.

"బండిని ఇంత శుభ్రంగా చూసుకునేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరమ్మా," అన్నాను. ఆమె సంతోషపడింది. ఆ శుభ్రమే నన్ను ఆపి ఆలోచింపజెయ్యాల్సింది. నేను ఆగలేదు.

తరవాత కంప్రెషన్ టెస్ట్ చేశాను. సిలిండర్లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటుందో మీటరు పెట్టి చూడటం. నాలుగింట్లో రెండు సిలిండర్లు బాగున్నాయి, రెండు చాలా తక్కువ చూపించాయి. తక్కువున్న సిలిండర్లోకి కంప్రెసర్ గాలి ఎక్కించి, సైలెన్సర్ గొట్టం దగ్గర చెవి పెట్టాను. నాగమణిని కూడా పిలిచి వినమన్నాను.

"బుస వినిపిస్తోందండి," అంది.

"మూసుకుని ఉండాల్సిన తలుపులోంచి గాలి పోతోంది. పొగ బయటకి వదిలే వాల్వులు అరిగిపోయాయి. హెడ్ దింపాలి. మంగళవారం దాకా బండి ఇవ్వలేను."

"ఇక్కడే మా అక్కయ్య గారింట్లో ఉంటామండి. ఎన్ని రోజులైనా సరే, వంతెన మీద ఆగకూడదు. అదొక్కటి చెప్పండి మీరు."

"ఆగదు," అన్నాను. అంత తొందరగా మాట ఇవ్వకూడదు. ఇచ్చేశాను.

శేషుబాబు కారు బానెట్ మీద చెయ్యేసి, "నీకు ఊపిరాడట్లేదు, నాకు ఫిల్టర్ పోయింది. ఇద్దర్నీ ఒకావిడే మోస్తోంది," అన్నాడు. నాగమణి ఆయన భుజం మీద ఒకటి వేసి నడిపించుకుపోయింది.

శుక్రవారం హెడ్ దింపాను. ఇంజన్‌కి పైన మూతలా ఉండే భాగం అది, వాల్వులన్నీ దాన్లోనే ఉంటాయి. ఈ ఇంజన్‌కి పదహారు. ఎనిమిది గాలి లోపలికి రానిచ్చేవి, ఎనిమిది పొగ బయటకి పోనిచ్చేవి. వాల్వు చూడటానికి పుట్టగొడుగులా ఉంటుంది, గొడుగు రూపాయి బిళ్ళకంటే చిన్నది. దాని అంచు హెడ్‌లో ఉండే సీటు మీద కూర్చుంటే తలుపు మూసుకున్నట్టు.

కాలిన వాల్వు ఒకటి అరచేతిలో పెట్టుకుని వెలుతురులోకి వచ్చాను. అంచున బియ్యపుగింజంత మేర కరిగిపోయి నొక్కు పడింది. గంటసేపు బండి నడిస్తే ఒక్కో వాల్వు దాదాపు అరవై వేల సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. అదీ నిప్పులో. అవనిగడ్డ అవతలి నించి బందరు రావడానికి గంట, పోవడానికి గంట, వారానికి మూడుసార్లు, ఏళ్ళ తరబడి. ఇంత నొక్కు పడ్డాక కూడా ఇది ఆ మనిషిని ఆసుపత్రికి చేర్చింది. వంతెన మీద ఒక్కసారే ఓడిపోయింది. నా చేతిలో వేల వాల్వులు తిరిగాయి. అరిగితే తీసి ఇనప సామాన్ల బుట్టలో పారేసేవాణ్ణి. ఆ రోజు పారెయ్యబుద్ధి కాలేదు. చొక్కా జేబులో వేసుకున్నాను.

అరిగిన సీట్లు మిషన్ మీద చెక్కించడానికి హెడ్ బెజవాడ పంపి, సోమవారం తెప్పించాను. కొత్త వాల్వులు ఒక్కోటీ సీటులో పెట్టి, నూరే పేస్టు రాసి, వాల్వుకి అతికించిన కర్రని కవ్వం చిలికినట్టు అరచేతుల మధ్య తిప్పాను. దాన్ని ల్యాపింగ్ అంటారు. అంచూ సీటూ ఒకదానికొకటి అతుక్కునేదాకా తిప్పాలి. తరవాత కడిగి, బిగించి, గాలీ పొగా పోయే పోర్టుల్లో కిరసనాయిలు పోసి గంటసేపు వదిలేశాను. ఒక్క చుక్క కిందికి దిగలేదు. ఆ పొడితనం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. రెండు ఇనప ముక్కలు ఒకదాన్నొకటి తాకి, నూనెచుక్కకి కూడా దారి ఇవ్వకపోవడం.

హెడ్ ఎక్కించాను, కొత్త బోల్టులు లెక్క ప్రకారం బిగించాను. మంగళవారం పొద్దున్న నాగమణి వచ్చింది, ఆసుపత్రికి వెళ్ళేముందు చూసిపోదామని. స్టార్ట్ చెయ్యబోతూ ఆగాను. జేబులో వాల్వు గుచ్చుకుంది. ఒక్క వాల్వు కాలితే ఆ వాల్వులో లోపం అనుకోవచ్చు. ఈ ఇంజన్‌లో పొగ వాల్వులు ఎనిమిదీ వేడికి రంగు మారాయి. అంటే ఇంజన్ మొత్తానికి గాలి చాలక లోపల మితిమీరి కాలింది. గాలి ఎందుకు చాలలేదు? ఫిల్టర్ అంత శుభ్రంగా ఎందుకుంది? కారణం ఉండగా కొత్త వాల్వులు వేస్తే అవీ కాలతాయి. మళ్ళీ అదే వంతెన.

గాలి వచ్చే దారి పట్టుకుని చెయ్యి పోనిచ్చాను. ఫిల్టర్ పెట్టె దాటి, గొట్టం వెంట, ముందు లైటు వెనకాల చీకటి మూలకి. వేళ్ళకి గుడ్డ తగిలింది. పురికొసతో గట్టిగా కట్టిన గుడ్డ. విప్పి బయటకి లాగితే పెడన కలంకారీ ముక్క, రెండు మడతలు. మంచూ పొట్టూ కలిసి దాని మీద పిండిలా పట్టేసింది. ఉఫ్ మని ఊదితే అవతలికి ఊపిరి పోలేదు.

నాకు కోపం వచ్చింది. "ఇది కట్టమని ఏ బుద్ధిలేనోడు చెప్పాడమ్మా నీకు?"

నాగమణి నా భుజం మీదుగా గోడ వైపు చూసింది. నేనూ తిరిగి చూశాను.

"మా మావయ్య గారి ట్రాక్టరుతో వచ్చినప్పుడు చదివానండి," అంది. "కారు కొన్నాక నాలుగేళ్ళూ కోతల్లో కట్టాను. పల్చటిదైతే పొట్టు దూరుతుందేమోనని రెండు మడతలు వేశాను. వారానికోసారి ఉతికి మళ్ళీ కడుతున్నానండి. తప్పా?"

ట్రాక్టరు గుడ్డ పూటకి నాలుగుసార్లు దులుపుతారు, అది కళ్ళెదురుగా ఉంటుంది. కారు గాలి మూతి చీకట్లో ఉంటుంది. గాలి కోసం టర్బో పీల్చి పీల్చి అలిసిపోయింది, వాల్వులు కాలిపోయాయి. ఇదంతా నాకు తెలుసు. గోడకి తెలీదు. నేను ఎదురుగా ఉండి చెప్తే బండి చూసి చెప్తాను. రాసి వదిలేసిన మాట ఏ బండి వచ్చినా అదే చెప్తుంది. చదువు రానన్నాళ్ళూ అక్షరాలంటే భయం ఉండేది నాకు. వచ్చాక ఆ భయం పోయింది. పోకూడనిది పోయింది.

"తప్పు నీది కాదమ్మా. నాది," అన్నాను.

ఆ పూట వాళ్ళని ఆసుపత్రికి ఆటోలో పంపాను. డయాలసిస్ అయ్యాక ముగ్గురం కారెక్కాం. నాగమణే నడిపింది, నేను వెనక సీట్లో కూర్చున్నాను. చల్లపల్లి దాటి పులిగడ్డ వంతెన ఎక్కుతుంటే ఆమె చెయ్యి అలవాటుగా గేరు మీదకి వెళ్ళింది. అవసరం రాలేదు. టర్బో సన్నగా ఈల వేసింది, బండి పైకి లాక్కుపోయింది. కింద కృష్ణ, వెనక పొగ లేదు. నా కాళ్ళ కింద పదహారు చిన్న తలుపులు నిమిషానికి వెయ్యిసార్లు మూసుకుంటున్నాయని తలుచుకుంటూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఆమె కళ్ళు తుడుచుకోవడం అద్దంలో కనబడింది.

"పాలాయన ఎక్కడున్నాడో," అన్నాడు శేషుబాబు, "హారన్ కొట్టి దాటాలి."

బస్సులో తిరిగొచ్చి ఎర్ర పెయింటు డబ్బా తీశాను. పాత వాక్యం చెరిపెయ్యబోయి మానుకున్నాను. చెరిపేస్తే దాచినట్టవుతుంది. దాని కిందే, అంతే పెద్ద అక్షరాలతో రాశాను. ఇప్పటికీ ఉంది, ఎవరైనా వచ్చి చదవచ్చు:

"పై మాట పాత ట్రాక్టర్లకి. కారుకి కట్టకండి, వాల్వులు కాలతాయి. ఇది తెలియక ఒకరి బండి కాల్చాను. అనుమానం ఉంటే లోపలికి వచ్చి అడగండి."