మూడో పన్ను

మా అన్న కొడుకు ఓబుళేశు గురించి తల ఎత్తుకుని రాయాల్సినవాణ్ణి నేను. ఈ రెండేళ్లుగా అతని పేరు ఎవరైనా ఎత్తితే చాలు, నా చెయ్యి దానంతట అదే భుజమ్మీది తువ్వాలు మీదికి పోతోంది, ముఖం తుడుచుకోవడానికి. అయినా మా ఊరి పోటీల కమిటీ వాళ్లు ఈ ఉగాదికి పుస్తకం వేస్తూ, డాక్టరు చరిత్ర మీరే రాయాలని పట్టుబట్టారు. ఓబుళేశును అడిగాను.

"రాయి చిన్నాయనా. రాస్తే అంతా రాయి. సగం రాసి నన్ను మళ్లా పెద్దమనిషిని చేయొద్దు" అన్నాడు.

అందుకని ముందు గొప్పలే చెబుతాను. అవి అబద్ధాలు కావు.

మాది ఆత్మకూరు దగ్గర పల్లె. మా ఇంటి ఎద్దులు నంద్యాల నుంచి ప్రొద్దుటూరు దాకా బండలాగుడు పోటీలకు పోయి తెచ్చిన షీల్డులు గోడలు చాలక అటకెక్కాయి. నేను కాడి వెనక నిలబడి ఎద్దులను అదిలించిన రోజుల్లో మాకు మొదటి బహుమతి రాని ఊరి పేరు చెప్పమంటే కాసేపు ఆలోచించాలి. మా ఊరి బడిలో నేను ఎనిమిదితో ఆపేశాను. అదే బడిలో చదివి పళ్ల డాక్టరైన మొదటివాడు ఓబుళేశు. రెండోవాడు ఇంకా పుట్టలేదు.

పోటీ అంటే తెలియనివాళ్లకు ఒక మాట. ఒక జత ఎద్దులకు పెద్ద బండను కడతారు. ఇచ్చిన సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానిదే గెలుపు. ఓబుళేశు చదువుకునే రోజుల్లో చిన్న ఎద్దులు, పెద్ద ఎద్దులు అని రెండే వరుసలు ఉండేవి. ఏది చిన్నదో యజమాని నోటి మాటే. ఒక ఏడు ఉగాదికి ఎవరో ముదురు ఎద్దుల జతను కోడెలని చెప్పి దించారు. వాటితో పోటీపడి లాగబోయి మా లేత కోడె ఒకటి బండ ముందు మోకాళ్ల మీద కూలిపోయింది. మళ్లీ అది కాడి కిందికి రాలేదు. మా వాళ్లు కట్టెలు తీశారు. అవతలివాళ్లూ తీశారు.

సెలవులకు వచ్చిన ఓబుళేశు ఆ గుంపులోకి దూరి, ప్యాంటు మీదే మోకాలు ఆనించి, అవతలివాళ్ల ఎద్దు కింది పెదవి లాగి పట్టుకున్నాడు.

"రాండప్పా, చూడండి. ముందు పళ్లన్నీ మారిపోయినాయి. దీన్ని కోడె అంటే నేను ఉయ్యాల్లో ఉండాల!"

ఎవరో నవ్వారు. నవ్వినవాడి చేతిలో కట్టె ఎత్తుగా నిలవదు. ఆ రోజు రక్తం పడలేదు.

పళ్లు చూసి ఎద్దు వయసు చెప్పడం మాకు తెలియక కాదు. సంతలో పళ్లు చూడకుండా ఎవడూ దుడ్డు తియ్యడు. అయితే పోటీలో నా ఎద్దు నోరు నువ్వు చూస్తే నేను ఒప్పుకోను, నీ ఎద్దు నోరు నేను చూస్తే నువ్వు ఒప్పుకోవు. అందరూ ఒప్పుకునే కన్ను ఒకటి కావాల్సి వచ్చింది. ఆ కన్ను మా ఓబుళేశుది. పాలపళ్ల జతలు ఒక వరుస, రెండు పళ్లు మారినవి ఒక వరుస, నాలుగు, ఆరు, ఆపైన సీనియర్లు అని మా చుట్టుపక్కల ఊళ్లలో పోటీలను విడదీసి నిలబెట్టింది అతనే. ఎద్దులను పొడిచే ములుకు కర్ర మాన్పించింది అతనే. మైకు ముందు, ఎండ వెలుతురులో, అందరూ చూస్తుండగా నోరు తెరిపించాలని పెట్టింది అతనే. మూడో పన్ను మొన చిగురు దాటి కనిపిస్తే చాలు, ఆ ఎద్దు రెండు పళ్ల వరుసలో దిగడానికి లేదు. పాలపన్ను రాలి కొత్తది ఇంకా రాక ఖాళీ ఉంటే మాత్రం లెక్కలోకి రాదు. ఈ చివరి నియమం రైతుల మీద దయతో పెట్టాడు.

ఆత్మకూరు బస్టాండు పక్కనే అతని ఆస్పత్రి. పోటీల కాలంలో అక్కడ వినాలి ఆ మాటలు. మా వీధి హనుమమ్మ కుర్చీలో కూర్చుని నోరు గట్టిగా మూసుకునేది.

"తెరువు అవ్వా."

"పొద్దున ఎద్దు నోట్లో పెట్టిన చెయ్యేనా ఇది? కడుక్కున్యావా లేదా?"

"ఎద్దయితే అడక్కుండానే తెరుస్తాది అవ్వా. నీతోనే కష్టంగా ఉండాది."

ఆమె నవ్వేలోపల పన్ను ఊడిపోయేది.

డాక్టరు మైకులో "రెండు పళ్లు" అంటే అది రెండు పళ్లే. ఎవరూ మళ్లీ వంగి చూసేవాళ్లు కాదు. ఒక ఏడాది ఆదోని అవతలి పల్లె నుంచి ఉరుకుందప్ప అనే రైతు బొలేరోలో జతను ఎక్కించుకుని వచ్చాడు. ఓబుళేశు నోరు చూసి, "మూడో పన్ను మొన వచ్చేసింది. బియ్యపు గింజంత. రెండు పళ్ల వరుస కాదు" అన్నాడు. అంత దూరం నుంచి వచ్చిన మనిషి. వెంట వచ్చినవాళ్లు గొడవకు దిగబోతే ఉరుకుందప్పే వాళ్లను వెనక్కి నెట్టాడు.

"ఆయప్ప వచ్చిందన్నాడంటే వచ్చిందే. ఎక్కించండి" అని ఎద్దులను మళ్లీ బండెక్కించుకుని పోయాడు.

ఆ పోకను చూసి నేను మా అన్న కొడుకును అందరి ముందు కౌగిలించుకున్నాను. ఒక కుటుంబానికి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

ఆ మరుసటి ఏడు వచ్చింది మాకు గడ్డుకాలం.

ఓబుళేశు అన్న వెంకటరాముడు సేద్యం చేసుకుంటూ ఊళ్లోనే ఉన్నాడు. తమ్ముడు పోటీలకు పెద్ద. అన్నకు సొంత ఎద్దులతో ఒక్క మొదటి బహుమతి కూడా లేదు. అందరూ "డాక్టరు అన్న" అనే పిలుస్తారు గానీ పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అది అతనికి ముల్లు. మూడేళ్లు పిల్లల కన్నా ఎక్కువగా ఒక జతను సాకాడు. ఆ ఏడు రెండు పళ్ల వరుసలో వాటికి ఎదురు లేదని ఊరంతా అనుకున్నదే. ఉగాది ఇంకా పది రోజులుండగా ఎడమ వైపు ఎద్దుకు మూడో పన్ను మొన పొడుచుకొచ్చింది.

మిట్టమధ్యాహ్నం, ఆస్పత్రి షట్టరు సగం దించి ఉన్న వేళ, వెంకటరాముడు వంగి లోపలికి వచ్చాడట. అక్కడ జరిగింది ఓబుళేశు చెప్పగా విన్నదే రాస్తున్నాను.

"ఒక్క పన్ను పీకల్ల."

"ఎవరికి?"

"ఎడమెద్దుకు."

"ఏం మాట్లాడ్తాండావన్నా? నాలుగు పళ్ల వరుసలో దించు."

"ఆ ముదుర్లతోనా? చంపేకి తోల్తానా నా ఎద్దును? ఊళ్లో అందరి పళ్లూ పీకుతావు. అన్నకు ఒక్కటి పీకలేవా?"

"కాదన్నా. నియమం పెట్టిందే నేను."

"అయితే గొమ్మునుండు. కమ్మరోని పటకారు తెచ్చి నేనే పీకుతా. ఎట్లొస్తే అట్లొస్తాది."

ఓబుళేశు లేచి అన్న కొట్టానికి పోయాడు. కాళ్లు కట్టి పడుకోబెట్టిన ఎద్దుకు మత్తు సూది వేశాడు. నొప్పి తెలియకుండా, చిగురు చీలకుండా, మనిషికి చేసినంత శుభ్రంగా ఆ పన్ను తీశాడు. కమ్మరి పటకారు నుంచి ఎద్దును కాపాడానని ఆ పూట తనకు తాను చెప్పుకున్నాడట. "పీకినా గానీ పోటీకి తేవద్దన్నా" అని కూడా అన్నాడట. అన్న తల ఊపాడట.

తల ఊపినవాడు ఉగాది రోజు ఎద్దుల కొమ్ములకు రంగులేసి, మెడలో గజ్జెలు కట్టి, మైకు ముందుకు తోలుకొచ్చాడు.

నేను అక్కడే ఉన్నాను. "ఒంగోలు జాతి వృషభరాజములు వస్తున్నాయి, దారి ఇవ్వండి" అని మైకులో చెబుతున్నది నేనే. వెంకటరాముడు ఎద్దు పెదవి లాగి పట్టుకున్నాడు. ఓబుళేశు వంగాడు. ఎప్పుడూ రెప్పపాటులో చెప్పేవాడు ఆ రోజు వంగి అట్లాగే ఉండిపోయాడు. జాగ్రత్తగా చూస్తున్నాడనుకున్నాను. జనం కూడా అట్లాగే అనుకున్నారు. సొంత అన్నదని ఇంకా గట్టిగా చూస్తున్నాడు, అదీ న్యాయమంటే, అని నా పక్కన ఎవరో అన్నారు.

అతను లేచి మైకు అందుకుని, "రెండు పళ్లు. ఒకటి రాలి ఖాళీ" అన్నాడు.

చప్పట్లు పడ్డాయి.

ఆ జత మొదటి బహుమతి గెలిచింది. రెండోది ఉరుకుందప్పది. వెనక్కి పంపినందుకు కోపం పెట్టుకోకుండా ఈసారి లేత జతను తెచ్చుకున్నాడు. షీల్డు పట్టుకుని వెంకటరాముడు ఏడ్చాడు. నేను పూలదండ వేశాను. ఓబుళేశు భోజనాలకు నిలబడకుండా వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున ఉరుకుందప్ప ఊరికి పోతూ పోతూ ఆత్మకూరు ఆస్పత్రి ముందు బొలేరో ఆపించాడు. దవడ పన్ను చాలా రోజులుగా బాధిస్తోందట. వాళ్ల ఊరి దగ్గర డాక్టర్లు లేక కాదు.

"నీ చేతనే పీకించుకోవాలని ఆపుకోని ఉండాను సారూ" అన్నాడు.

కుర్చీలో పడుకోబెట్టి, మెడకింద తువ్వాలు కట్టి, ఓబుళేశు మత్తు సూది వేశాడు. తిమ్మిరెక్కేదాకా ఆగాలి కదా. ఆ కాసేపూ ఉరుకుందప్ప మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఓడిపోయినానని నాకేం బాధ లేదు సారూ. పోయినేడు నువ్వు మొన చూసి పంపిస్తివి. మా ఇంట్లో ఒకటే పోరు, దుడ్లు దండుగ చేసుకోని వచ్చినావని. నేనేమంటిని తెల్సా? ఆడ ఒక మనిషుండాడు, ఆయప్ప చూసినాక దేవుడు గూడా మళ్లా చూడనక్కర్లేదు అంటిని. ఈ తూరి సరైన ఎద్దుల చేతిలోనే ఓడిపోయినా. శానా తృప్తిగా ఉండాది." చెంప తడుముకుని, "ఎక్కినట్టుంది. పీకు" అని నోరు తెరిచాడు.

ఓబుళేశు చేతిలో పటకారు ఉంది. చెయ్యి లేవలేదు.

"ఉరుకుందప్పా, మా అన్న ఎద్దుకు మూడో పన్ను వచ్చినాది. నేనే పీకినా. అంతా తెలిసే రెండని చెప్పినా."

ఉరుకుందప్ప తెరిచిన నోరు మెల్లగా మూసుకున్నాడు. సగం ముఖం మొద్దుబారి ఉంది. మెడకింది తువ్వాలు తనే విప్పాడు. మడతపెట్టి కుర్చీ చేతి మీద పెట్టాడు. లేచి, బాధిస్తున్న పన్నుతోనే బయటికి నడిచాడు. ఒక బూతు తిట్టినా బాగుండేదంటాడు ఓబుళేశు.

ఆ సాయంత్రమే నా దగ్గరికి వచ్చి అంతా చెప్పాడు. వెంకటరాముడి ఇంటికి పోయి షీల్డు నేనే గోడ మీంచి తీశాను. అతను అడ్డం రాలేదు. ఇప్పటికీ తమ్ముడితో మాట్లాడడు.

మూడో రోజు ఓబుళేశు, నేను కర్నూలు మీదుగా ఆదోని అవతలికి బయల్దేరాం. తప్పు ఒప్పుకోవడానికి పోయేటప్పుడు ఇంటి పెద్ద వెంట ఉండాలి. ఎన్ని ఊళ్లలోకి తప్పెట్ల మోతతో పోయాను నేను! ఆ ఊళ్లోకి షీల్డును తువ్వాలులో చుట్టుకుని, ఇల్లెక్కడని అడగడానికి కూడా సిగ్గుపడుతూ పోయాను. ఉరుకుందప్ప భార్య వాకిట్లో కంది కట్టె సర్దుతోంది. మా మొహాలు చూడగానే ఆమెకు తెలిసిపోయింది.

"పన్ను ఆదోనిలో పీకించుకున్యాడులే. ఇంగ యాడి పన్ను పీకేకి వచ్చినారు?" అంది.

నేను జీవితంలో అంత పొట్టిగా ఎప్పుడూ నిలబడలేదు.

ఉరుకుందప్ప బయటికి వచ్చి మంచం వాల్చాడు. మేం కూర్చోలేదు. షీల్డు విప్పి అరుగు మీద పెట్టి, బహుమతి డబ్బు కూడా ఇచ్చేస్తాం, తీసుకోండి అన్నాను. అతను దాని వైపు చూడలేదు.

"పెద్దాయనా, అది యాడికి తెచ్చినారు? నన్ను ఓడిపోయినావని అంతమంది ముందర చెప్పి, గెల్చినావని ఈడ ఎవరికీ తెలీకుండా చెప్తారా?" తరువాత ఓబుళేశు వైపు తిరిగాడు. "యాడ రెండంటివో ఆడనే మూడను. ఆ మైకులోనే. ఆ జనం ముందరే. నేనొచ్చి వింటా. అంతదాకా దాన్ని నా ఇంట్లో పెట్టొద్దు."

ఇద్దరం షీల్డు తెచ్చుకున్నట్టే వెనక్కి తీసుకుపోయాం. దారిలో కల్లూరు దగ్గర టీ తాగుదామంటే ఓబుళేశు బండి దిగలేదు.

ఆ ఏడాదంతా అతను ఏ ఊరి పోటీకీ పోలేదు. పిలవడానికి వచ్చినవాళ్లకు ఆరోగ్యం బాగాలేదని భార్య శివలీల చెప్పి పంపేది. కమిటీలో కొందరు, అయిపోయిందాన్ని తవ్వుకోవడమెందుకు, ఊరి పేరు పోతుంది అన్నారు. ఊరి పేరు మా ఇంటి కొట్టంలో ఎప్పుడో పోయిందని నేనన్నాను.

పోయిన ఉగాదికి జనం ఎప్పటికన్నా ఎక్కువే వచ్చారు. మైకు నేను పట్టుకోలేదు. ఓబుళేశు వచ్చి నిలబడ్డాడు. ఉరుకుందప్ప జతతో సహా ముందు వరుసలో ఉన్నాడు.

"పోయినేడు మా అన్న ఎడమెద్దుకు రెండు పళ్లని చెప్పినా. మూడు. మూడో దాన్ని నేనే పీకినా. మొదటి బహుమతి ఉరుకుందప్పది." అంతే చెప్పాడు. తప్పయిందని కూడా అనలేదు.

తిడతారని, రాళ్లు పడతాయని భయపడి మా ఇంటి మగవాళ్లంతా దగ్గరికి చేరాం. ఒక్క రాయీ పడలేదు. ఎద్దుల మెడల్లో గజ్జెలు మాత్రం వినిపించాయి. ఉరుకుందప్ప వచ్చి షీల్డు అందుకున్నాడు. డాక్టరు చేతిలోంచి కాదు, కమిటీ వాళ్లు బల్ల మీద పెడితే అక్కడినుంచి.

తరువాత రెండు పళ్ల వరుసకు పిలుపు వచ్చింది. మొదటి జత ఉరుకుందప్పదే. అలవాటు కొద్దీ ఓబుళేశు ఒక అడుగు ముందుకు వేశాడు. ఉరుకుందప్ప ఎద్దు పెదవి లాగి పట్టుకున్నాడు. అయితే ఎద్దును డాక్టరు వైపు తిప్పలేదు. తన తరువాత దిగబోయే జత యజమాని వైపు తిప్పాడు.

"నువ్వు చూడప్పా. నీ ఎద్దుది నేను చూస్తా."

ఎన్నేళ్లుగానో ఎవరూ ఒప్పుకోని పని. ఆ రోజు అందరూ ఒప్పుకున్నారు. ఒకరి ఎద్దు నోరు ఒకరు చూసుకున్నారు. ఖాళీ ఉన్నా పన్ను ఉన్నట్టే లెక్కవేయాలని అక్కడికక్కడే అనుకున్నారు. ఇప్పుడు మా చుట్టుపక్కల అన్ని ఊళ్లలోనూ ఇదే పద్ధతి నడుస్తోంది. గొడవలు లేవు. డాక్టరు అవసరమూ లేదు.

ముందుకు వేసిన ఆ ఒక్క అడుగును ఓబుళేశు వెనక్కి తీసుకోవడం నేను చూశాను. జనం పక్కకు జరిగి అతనికి దారి ఇచ్చారు, ఎద్దులకు ఇచ్చినట్టు.