అమ్మ మూయించిన కల్లు దుకాణం

మొన్న కోరుట్లలో మా ఆడబిడ్డ మనవడి పెళ్లి బరాత్‌లో, మీసాలైనా సరిగా మొలవని పిల్లలు పెద్దల ఎదుటే బీరు సీసాలెత్తి తాగుతుంటే, చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లలో వీడియోలు తీస్తూ మురిసిపోయారు. నాకు మాత్రం ఇంటికొచ్చి పడుకున్నా మా తమ్ముడే కళ్లలో మెదిలాడు.

సిరిసిల్లలో వాడు బట్ట నేసే సాంచలు నడిపేవాడు. ఆ మోతలో రోజంతా నిలబడి, పని దిగగానే తోటి పిల్లలతో కల్లు దుకాణానికి పోయేవాడు. కల్లు మా వైపు తప్పు కాదు, పెళ్లికైనా చావుకైనా ఉండేదే. కానీ ఆ దుకాణంలోది చెట్టు కల్లు కాదనీ, మత్తుమందు కలిపిన నీళ్లనీ మాకప్పుడు తెలియదు. నేను బీడీలు చుడుతూ చూస్తుండగానే, నాకంటే చిన్నవాడు నాకంటే ముసలివాడైపోయాడు.

అవి అన్నల రోజులు, ఊళ్లలో నక్సలైట్ల మాటే చెల్లేది. తాగుడు బందు చేయాలని వాళ్లు మీటింగు పెడితే, ఆడవాళ్లలో ముందు లేచింది మా అమ్మే. దుకాణం మీదికి పోయి, సీసాలు పగలగొట్టి నవ్వుతూ వచ్చింది. ఆమె అలా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

కల్లు ఆగగానే తమ్ముడికి చేతులు వణకసాగాయి. గోడ మీద పాములు పాకుతున్నాయన్నాడు, మూర్ఛ వచ్చి నాలుక కొరుక్కున్నాడు. కొందరు దయ్యమన్నారు. దవాఖానకు తీసుకుపోదామని బాపు ఆటో కోసం తిరిగితే, పోలీసు తనిఖీలకు జడిసి ఎవరూ రాలేదు. "అమ్మా, పానం గుంజుతుందే, ఒక్క సీస తెచ్చియ్యే" అని వాడు కాళ్లు పట్టుకుంటే, అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆ దుకాణమాయన ఇంటికే పోయింది.

"బంద్ పెట్టిచ్చింది నేనే, గిప్పుడు అడుగుతున్నది నేనే. నా కొడుకును బతికియ్యి తమ్మీ."

"ఇస్తే అన్నలు నన్ను బతకనిస్తరా అక్కా?" అన్నాడాయన ఏడుపు గొంతుతో. అయినా లోపలికి పోయి, దాచిన సీసా ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

మేం ఇల్లు చేరేసరికి బాపు తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని, వాడి కళ్లు మూస్తున్నాడు. అమ్మ ఆ కల్లుతోనే వాడి పెదవులు తడిపింది.

బతికినన్నాళ్లూ ఆమె తాగుడు మంచిదనీ చెడ్డదనీ మళ్లీ మాట్లాడలేదు. ఇప్పుడు అన్నలూ లేరు, ఆ భయమూ లేదు. గల్లీకొక బెల్టు షాపు ఉంది, మానలేనివాళ్లకు డాక్టర్లూ మందులూ ఉన్నాయంటారు, మంచిదే. కానీ పిల్లలకు వద్దని అడ్డుగా నిలబడే మనిషే వాడలో కనబడడం లేదు. అలా నిలబడ్డ తల్లికి ఏమైందో చూసినదాన్ని కనుక, నాకూ నోరు రావడం లేదు.